అడిగాక ఊరుకోవాలి

"పేర్లు మాత్రం రాయించకండి ఫాదర్, మీకు దణ్ణం పెడతాను. ఇంకేం రాయించినా సరే, పిల్లల చేత మనుషుల పేర్లు మాత్రం రాయించకండి."

నేనీ మాట అనేసరికి ఇంకా ఏమీ జరగలేదు. మా సెమినరీ పెద్ద ఫాదర్ విటోల్డ్ గారు వంటింటి గుమ్మంలో నిలబడి, వచ్చే బుధవారం నుంచి మధ్యాహ్నాలు భోజనాల హాలు ఖాళీగా ఉంచమని చెప్పారు, అంతే. విలేకరి పని నేర్పడానికి ఒకావిడ వస్తుందట. పై అంతస్తులో గదుల్ని వెచ్చగా ఉంచే వేడినీళ్ళ గొట్టం పగిలి అన్నీ చల్లబడ్డాయి కాబట్టి పాఠం కింద పెడతారట. ఈ కజకుల దేశంలో, మా కరగందాలో, ఫిబ్రవరి నెలంటే వేడి లేని గదిలో కలంలో సిరా కూడా గడ్డకడుతుంది.

"వీళ్ళు ఫాదర్లు కావలసిన పిల్లలు కదండీ, విలేకరి పని ఎందుకు?" అన్నాను.

"ఫాదరైనవాడు ఈ మైదానంలో అయిదేసి ఊళ్ళు చూసుకోవాలి ఒటీలియా గారూ. ఒక ఊరి సంగతి ఇంకో ఊరికి తెలియాలంటే పత్రిక కావాలి. మనవాళ్ళు ఇప్పుడు రాసేది చదివితే ఎక్కడ ఏం జరిగిందో దేవుడికి తప్ప తెలియదు."

"దేవుడికి తెలిస్తే చాలదా?"

ఆయన నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. నేను నవ్వించడానికి అనలేదు.

మా ఇళ్ళలో పేర్లు రాసుకునే అలవాటు లేదు. మేము జర్మన్లం, కతోలికులం. యుద్ధం రోజుల్లో, జర్మన్లని నమ్మలేమని, మా అమ్మని ఏడేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు సర్కారువాళ్ళు రైలుపెట్టెలో ఎక్కించి తెచ్చి ఈ బొగ్గు గనుల మధ్య దింపారు. ఇక్కడ గుడి లేదు, ఫాదర్ లేడు, ప్రార్థన చేస్తే నేరం. కిటికీలకి దుప్పట్లు కట్టుకుని వంటింట్లోనే జపమాల చెప్పుకునేవారు. చేత్తో రాసుకున్న ప్రార్థన పుస్తకాలు ఉండేవి గాని, వాటి మీద ఎవరి పేరూ ఉండేది కాదు. ఒక్కసారి ఎవరో ఏ వారం ఎవరింట్లో ప్రార్థనో గుర్తుంటుందని పదకొండు పేర్లు కాగితం మీద రాసి పుస్తకంలో పెట్టుకున్నారు. ఆ కాగితం చేతులు మారి పోలీసుల దగ్గర తేలింది. ఆ పదకొండులో మా నాన్న పేరు నాలుగోది. ఆయన ప్రాణాలతోనే ఇంటికొచ్చాడు గాని గనిలో పని మళ్ళీ ఇవ్వలేదు. అప్పటినుంచి మా ఇంట్లో పచ్చళ్ళ సీసా మీద కూడా రాత ఉండదు, మూత తీసి వాసన చూసుకోవలసిందే.

ఇప్పుడు కాలం మారిందంటారు. మా అబ్బాయి ఎద్విన్ ఈ సెమినరీలోనే నాలుగో ఏడు చదువుతున్నాడు. పట్టపగలు మెడలో సిలువ కనిపించేలా బస్సెక్కుతాడు. నేను ఇక్కడే వండుతాను. కాలం మారిందని నాకూ తెలుసు. మళ్ళీ మారదని ఎవరైనా కాగితం రాసిచ్చారా?

బుధవారం వచ్చినావిడ పేరు రౌషన్ సెరికోవ్నా. కజకు మనిషి, అరవై దాటింది, జిల్లా పత్రికలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి మానేసింది. మోకాళ్ళ దాకా ఉన్ని బూట్లు, చంకలో నోటుపుస్తకం, చేతిలో నూనెలో వేయించిన రొట్టె ఉండల సంచి. ఆ సంచి బల్ల మీద బోర్లించి, "తింటూ వినండి, ఖాళీ కడుపుకి పాఠం ఎక్కదు" అంది. నమాజు చేసుకునే మనిషి మన పిల్లలకి ఏం నేర్పుతుందోనని నేను క్యాబేజీ ముందేసుకుని గుమ్మంలోనే కూర్చున్నాను. వంటింట్లో పొగగా ఉందని చెప్పాను.

"పైన గొట్టం పగిలిందట కదా. దాని మీద పది వాక్యాల వార్త రాయండి" అందావిడ.

తొమ్మిది మంది తలలు వంచి రాశారు. అందరికన్నా ముందు తాదిక్ లేచాడు. వాడు మా ఎద్విన్‌తో ఒకే గదిలో ఉంటాడు, మనిషి గుండ్రంగా ఉంటాడు, గొంతు గంటలా మోగుతుంది. వాడి వార్త నోవా కాలపు జలప్రళయంతో మొదలైంది. ఎర్రసముద్రం పాయలైంది. పేతురుగారు నీళ్ళ మీద నడిచి మునగబోయారు. ఆఖరి వాక్యంలో, కావున మన గొట్టం కూడా పగిలెను, ఆమెన్.

రౌషన్ గారు శ్రద్ధగా వింది. "చాలా బాగుంది. ఇంతకీ గొట్టం ఎక్కడ పగిలింది?"

"స్నానాలగదిలోనండి."

"అది ఇందులో లేదే."

"అందరికీ తెలుసు కదండీ."

"నాకు తెలియదు. నోవా ఓడ దాకా తీసుకెళ్ళావు, స్నానాలగది దాకా తీసుకెళ్ళలేకపోయావు. ఎప్పుడు పగిలింది? ఎవరు చూశారు? ఎవరైనా తడిశారా?"

"వీడే తడిశాడండి. ఒంటినిండా సబ్బుతో మెట్ల మీదికి పరిగెత్తుకొచ్చాడు" అన్నాడు మా ఎద్విన్.

"అయితే అదీ వార్త. మొదటి వాక్యంలో తాదిక్ తడవాలి. నోవా ఆఖర్న వస్తాడు, చోటుంటే."

తొమ్మిది మందీ గోల గోలగా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది గాని ఆపుకున్నాను. తరవాత ఆవిడ నల్లబల్ల మీద ఆరు మాటలు రాసింది. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా. అన్నిటికన్నా పైన, పెద్ద అక్షరాలతో, ఎవరు. నా చేతిలో కత్తి ఆగిపోయింది.

ఆ శనివారం బంగాళాదుంపలు తొక్క తీసే వంతు మా అబ్బాయిదీ తాదిక్‌దీ. సోమవారం సంస్కారాల మీద పరీక్ష ఉందని ఇద్దరూ బకెట్‌కి అటూ ఇటూ కూర్చుని ఒకరినొకరు అడుక్కుంటున్నారు.

"జ్ఞానస్నానం ఎవరివ్వొచ్చు?"

"ఫాదరు, డీకను. ఆపదలో ఎవరైనా ఇవ్వొచ్చు."

"ఎవరైనా అంటే? క్రైస్తవుడు కానివాడు?"

"వాడైనా సరే. తిరుసభ ఏం చెయ్యాలనుకుంటుందో అదే చెయ్యాలని వాడి మనసులో ఉండాలి. నీళ్ళుండాలి, మాటలుండాలి."

"ఒకడు నీళ్ళు పోసి ఇంకొకడు మాటలంటే?"

"చెల్లదు. పోసినవాడే అనాలి."

"వాడు మూగవాడైతే?"

"వాడు మూగవాడైతే నువ్వు పొయ్యి, తాదిక్. నీకున్న గొంతు ముగ్గురికి సరిపోతుంది. దుంప మీద మొలకల కళ్ళు వదిలేస్తున్నావు, అమ్మ చూస్తే తిడుతుంది."

నేను చూస్తూనే ఉన్నాను గాని తిట్టలేదు. జ్ఞానస్నానం మాట వచ్చినప్పుడల్లా నేను పొయ్యి వైపు తిరుగుతాను. నలభై ఏళ్ళ అలవాటు.

రెండో బుధవారం పాఠం, మనుషుల్ని అడగడం ఎలాగని. "అడగడం మీ పని. అడిగాక ఊరుకోవడం అంతకన్నా పెద్ద పని" అంది రౌషన్ గారు. "మధ్యలో నిశ్శబ్దం వస్తే దాన్ని మీరు నింపకండి. ఎదుటివాళ్ళని నింపనివ్వండి. ప్రసంగాలు చెప్పేవాళ్ళకి ఇది మహా కష్టం. ఒటీలియా గారూ, ఒక్కసారిలా వచ్చి కూర్చుంటారా? వీళ్ళకి చూపిస్తాను."

పోలీసు స్టేషనుకి పిలిచినట్టయింది నాకు. చేతులు తుడుచుకుని వెళ్ళి కుర్చీ అంచు మీద కూర్చున్నాను. ముందు రోజు సూపులో మాంసం ఎందుకు తక్కువైందని అడుగుతుందనుకున్నాను, జవాబు సిద్ధం చేసుకున్నాను.

"మీరు రోజూ పూజకి వస్తారట. గుడంతా ఖాళీగా ఉన్నా ఆఖరి వరసలోనే కూర్చుంటారట. ఎందుకండీ?"

"సూపు పొయ్యి మీద ఉంటుంది కదండీ. త్వరగా రావచ్చని."

ఆవిడ తల ఊపింది. ఏమీ అనలేదు. నన్నే చూస్తోంది, చిరాగ్గా కాదు, టీ చల్లారడం కోసం చూసినట్టు.

"ముందు వరసలో వేడెక్కువండి, నాకు ఊపిరాడదు."

ఆవిడ మాట్లాడలేదు.

"మోకాలు కూడా బాగాలేదు. మధ్యలో లేవాల్సొస్తే అందరూ చూస్తారు."

గోడ గడియారం వినిపిస్తోంది. తొమ్మిది పెన్సిళ్ళు ఆగి ఉన్నాయి. నాకు నిశ్శబ్దం పడదు. నిశ్శబ్దంగా ఉంటే ఎవరో తలుపు బయట నిలబడి వింటున్నట్టుంటుంది. నోరు దానంతటదే తెరుచుకుంది.

"ముందు కూర్చునే హక్కు నాకుందో లేదో తెలియదండీ. నాకు జ్ఞానస్నానం అయిందో లేదో కూడా నాకు తెలియదు."

అన్న తరవాత గాని నేనేమన్నానో నాకు తెలియలేదు. మా ఎద్విన్ ముఖం చూడలేకపోయాను.

రౌషన్ గారు నోటుపుస్తకం మూసేసింది. "ఇది పాఠం కోసం అడిగిన ప్రశ్న. ఆవిడ నోరు జారిన మాట. ఇది మనది కాదు. రాసినవాళ్ళెవరైనా ఉంటే ఇప్పుడే చింపి నాకివ్వండి." కాగితాలు చింపిన చప్పుడు. "పాపాలు ఒప్పుకునే మీ పాపసంకీర్తనంలో విన్నది ఎంత గట్టిగా దాస్తారో, చెప్పినవాళ్ళు రాయొద్దన్నది అంత గట్టిగా దాచాలి. పేరు వద్దంటే పేరుండదు. ఇది తెలియనివాడు విలేకరి కాడు, వట్టి చాడీకోరు."

"పిన్నీ, నేను మీ మోకాలి దాకానే రాశాను, ఒట్టు" అన్నాడు తాదిక్.

సాయంత్రం ఎద్విన్ వంటింట్లోకి వచ్చాడు. గిన్నెలు తుడిచే గుడ్డ తీసుకుని ఒకే గిన్నెను చాలాసేపు తుడిచాడు.

"అమ్మమ్మని ఎప్పుడూ అడగలేదా అమ్మా?"

అడిగాను, పన్నెండేళ్ళప్పుడు. ముసలి ఫాదరొకాయన దొంగతనంగా మా వాడకి వచ్చి పిల్లలకి మొదటి సత్ప్రసాదం ఇస్తాడని తెలిసిన రోజు. నాకు జ్ఞానస్నానం ఎవరిచ్చారమ్మా అంటే, అమ్మ బొగ్గు బకెట్ తీసుకుని బయటికి వెళ్ళింది. గంట తరవాత వచ్చింది, బకెట్ ఖాళీగానే ఉంది. ఆ ఫాదరుతో మాత్రం, పిల్లకి అన్నీ అయ్యాయి, మీరివ్వండి అంది. ఆయన ఇచ్చాడు. నేను ఇంకెప్పుడూ అడగలేదు. అమ్మ అబద్ధమాడిందేమోనని భయం. అది అబద్ధమైతే నా సత్ప్రసాదాలు, నా పెళ్ళి, అన్నీ పునాది లేని గోడలే. అలాంటి తల్లి కొడుకు రేపు పీఠం దగ్గర నిలబడాలి.

ఫాదర్ విటోల్డ్ గారికి వాడే చెప్పాడు. ఆయన నన్ను పిలిచి, "భయపడకండి. ఇంతకు ముందు పొంది ఉండకపోతే, అని షరతు చెప్పి ఇచ్చే పద్ధతి ఉంది. ఈస్టరు ముందు శనివారం ఇద్దాం. అయితే తెలిసినవాళ్ళు బతికుండగా వాళ్ళని అడక్కుండా ఇవ్వకూడదు. ముందు మీ అమ్మగారిని అడగండి" అన్నారు.

"అలా ఒకవేళ అనుకుంటూ పోయించుకుంటే, ఆ ఒకవేళ నాతోపాటే మట్టిలోకి వస్తుంది ఫాదర్" అన్నాను.

"అందుకే అడగమంటున్నాను."

మూడో బుధవారం రౌషన్ గారు అందరికీ ఇంటి పని ఇచ్చింది. మీ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ అడగని ఒక సంగతి కనుక్కుని రండి, రాయాలా వద్దా తరవాత చూద్దాం అని. మా వాడేం ఎంచుకున్నాడో చెప్పక్కర్లేదు.

అమ్మ గనుల వాడలోనే ఒంటరిగా ఉంటుంది, రెండు బస్సులు మారాలి. డెబ్బై ఎనిమిదేళ్ళు, పేరు అపొలోనియా, ఆ వీధి మొత్తానికి ఇప్పటికీ ఆవిడంటే హడలు. మొదటిసారి ఎద్విన్ ఒక్కడే వెళ్ళాడు. ఆరు ప్రశ్నలూ కాగితం మీద వరసగా రాసుకుని వెళ్ళి, గుమ్మంలోనే చదివాడట. అమ్మ విని, "బూట్లు విప్పు, కూర్చో, తిను" అందట. తిని వచ్చాడు.

రెండోసారి నేనూ వెళ్ళాను. వెళ్ళకుండా ఉంటే ఏమవుతుందోనని భయం. ఆవిడ గుండె ఆగిపోతే? వాడు ఆ వయసు మనిషిని ప్రశ్నలతో చంపాడని వీధంతా అంటే? ఎద్విన్ నెమ్మదిగానే అడిగాడు. "అమ్మమ్మా, అమ్మకి జ్ఞానస్నానం ఎవరిచ్చారు?" అడిగి ఊరుకున్నాడు, నేర్చుకున్నట్టే. అమ్మ అల్లిక సూదులు ఆపింది. పెదాలు కదిలాయి.

"అమ్మా, మాత్ర వేసుకున్నావా?" అన్నాను.

"వేసుకున్నా." సూదులు మళ్ళీ కదిలాయి. అంతే, ఆ రోజు అయిపోయింది.

బస్సులో ఎద్విన్ నాతో మాట్లాడలేదు. దిగాక అన్నాడు, "నువ్వు లోపలికి రాకుండా ఉండాల్సింది."

"నా సంగతి రా అది."

"నీ సంగతే. నీ అంతట నువ్వే తలుపు మూసేస్తున్నావు."

వాడు ఈ సంగతి రౌషన్ గారికి చెప్పినట్టున్నాడు, పేర్లు చెప్పకుండా, ఎవరో ఒకరి అమ్మ అని. ఆవిడేం పిచ్చిది కాదు. మర్నాడు వంటింటి గుమ్మంలోకి వచ్చి కాగితం పొట్లం ఒకటి బల్ల మీద పెట్టింది. వేయించిన పొద్దుతిరుగుడు గింజలు.

"ఎవరో ఒకరి అమ్మగారికి ఇవ్వండి. నోటికి పనుంటే మాట బయటికి రాదు. మా పత్రికలో ఫొటోలు తీసేవాడొకడు ఉండేవాడు, నేను ప్రశ్న వేస్తే వాడు జవాబు చెప్పేవాడు. వాడికీ ఇదే మందు."

నేను తల వంచుకున్నాను. "మా అమ్మ ఎప్పటికీ చెప్పదండీ."

"ఎవరు అని అడిగితే చెప్పరు. మీ కాలంలో, మా కాలంలో, ఎవరు అని అడిగింది ఎలాంటి వాళ్ళో మీకు తెలుసు కదా. పిల్లలకి నల్లబల్ల మీద ఆ మాట పైన రాశాను, పొరపాటు నాదే. వస్తువు నుంచి మొదలుపెట్టమని చెప్పాను అబ్బాయికి. చేత్తో ముట్టుకునేది ఏదైనా." గుమ్మం దాటబోతూ ఆగింది. "మా ఇంట్లోనూ ఉన్నాయి లెండి అడగనివి. నేను ఊరందరినీ అడిగాను, మా అమ్మని తప్ప. ఇప్పుడు లేదు."

ఈస్టరుకి వారం ముందొచ్చే మట్టలాదివారం, దానికి ముందు శనివారం మూడోసారి వెళ్ళాం. మంచు కరగడం మొదలై వీధంతా బొగ్గు బురద. పట్టపగలు, కిటికీలో ఎండ. అమ్మ నూడుల్స్ కోసం పిండి కలుపుతోంది. నేను మూలన ముక్కాలిపీట మీద కూర్చుని గింజలు కొరకడం మొదలుపెట్టాను.

"ఏమిటే, సినిమాకొచ్చావా?" అంది అమ్మ.

తల ఊపాను. నోరు తెరవలేదు. అమ్మ అనుమానంగా చూసింది.

ఎద్విన్ కాగితం తీయలేదు. నోటుపుస్తకం మోకాలి మీద ఉంది గాని తెరవలేదు. కిటికీ లోంచి బావి వైపు చూస్తూ, "అమ్మమ్మా, అమ్మ పుట్టింది ఫిబ్రవరిలో కదా. అప్పుడు ఆ బావి గడ్డకట్టేదా?" అన్నాడు.

"కట్టదూ? ఏప్రిల్ దాకా రాయే."

"మరి నీళ్ళో?"

"మంచు కరిగించుకునేవాళ్ళం. బకెట్ మంచుకి చెంబెడు నీళ్ళు. దానికి బొగ్గు దండగ."

"అమ్మ పుట్టిన రోజున తాతయ్య కరిగించాడా?"

"మీ తాతయ్య ఎక్కడున్నాడు? గనిలో. మూడు రోజులు తుఫాను. పైకొచ్చినవాళ్ళు కూడా ఇళ్ళకి రాలేక అక్కడే పడుకున్నారు." అమ్మ పిండిని రెండు గుద్దులు గుద్దింది. "నేను లేవలేను. నెత్తురు ఆగలేదు."

వాడు ఊరుకున్నాడు. నేను గింజ కొరికాను. అమ్మా, ఆ సంగతి నాకెప్పుడూ చెప్పలేదేం అని నాలుక చివరిదాకా వచ్చింది. ఇంకో గింజ వేసుకున్నాను.

"రాస్తావా ఇదంతా?" అంది అమ్మ.

ఎద్విన్ నోటుపుస్తకం తీసి ఆవిడ పిండిపీట కిందికి తోశాడు. పెన్సిలు ఆవిడ నడుముకి కట్టుకున్న ముందుగుడ్డ జేబులో పెట్టాడు. "నువ్వు రాయొద్దంటే రాయను. పేరు వద్దంటే పేరుండదు. మాకు అలాగే నేర్పారు."

"ఎవరు నేర్పారు, ఫాదర్లా?"

"పత్రికావిడ. కజకు ఆవిడ."

అమ్మ చేతులు ఆగాయి. వాడి ముఖంలోకి చాలాసేపు చూసింది.

"పేరు నాతోనే పోతుంది. మాటిచ్చాను. మిగతాది రాసుకుంటే రాసుకో, అది కూడా నాతో పోవడం నాకిష్టం లేదు." పిండి చేతులు ముందుగుడ్డకి తుడుచుకుంది. "పక్కింటామె వచ్చింది. ఆమె కూడా కజకు మనిషే, మాకూ వాళ్ళకీ మధ్య ఒకటే గోడ. నా అరుపులు విని తుఫానులో తాడు నడుముకి కట్టుకుని వచ్చింది. బిడ్డని తీసింది. చూసి తల అడ్డంగా ఊపింది. నీలంగా ఉంది, ఏడుపు లేదు. నేను అడిగాను ఆమెని. మా పద్ధతిలో పంపాలి, నా చేతులు లేవడం లేదు, నువ్వు చెయ్యి అని. ఆమె భర్త కమ్యూనిస్టు పార్టీ మనిషి. అత్త అయిదు పూటలా నమాజు చేసే మనిషి. ఎటువాళ్ళకి తెలిసినా ఆమె పనైపోయేది. కాసేపు నిలబడింది. తరవాత, నీ దేవుడికి నువ్వెలా ఇవ్వాలనుకుంటున్నావో అలాగే ఇస్తాను, ఎవ్వరికీ చెప్పకు, మీవాళ్ళకీ మావాళ్ళకీ అంది. పొయ్యి మీద మంచు అప్పుడే కరిగింది. ఇదిగో, ఈ గ్లాసే."

ఎనామిల్ గ్లాసు. అంచు పెచ్చులూడి నల్లబడింది. చిన్నప్పటినుంచి నేను పిండి కొలిచిన గ్లాసు.

నేను లేవబోయి ఎద్విన్‌ని చూసి ఆగిపోయాను. వాడి ముఖం తెల్లబడింది. ఎందుకో ఒక్క క్షణం అర్థం కాలేదు. అప్పుడు బంగాళాదుంపల బకెట్ గుర్తొచ్చింది.

"నీళ్ళు ఆమె పోసింది కదా అమ్మమ్మా?" వాడి గొంతు సన్నగా ఉంది.

"ఆమే పోసింది. చెప్పాగా, నా చేతులు లేవలేదు."

"మరి మాటలు? పోసేటప్పుడు మాటలు ఎవరన్నారు?"

అమ్మ మాట్లాడలేదు.

నాకు భాష రాని చోట నిలబెట్టి తీర్పు చదువుతున్నట్టుంది. ఆ కజకు ఆమెకి జర్మన్ ఎలా వస్తుంది? మా ప్రార్థనలు ఎలా వస్తాయి? అమ్మే అని ఉంటుంది. మంచం మీంచి అమ్మ అంటుంటే ఆమె పోసి ఉంటుంది. అంటే ఒకరు పోశారు, ఒకరు అన్నారు. అంటే చెల్లదు. అంత తుఫానులో ఆమె వచ్చిందీ, అమ్మ యాభై ఏళ్ళు నోరు కుట్టుకుని ఉందీ, ఏదీ చెల్లదు.

ఎద్విన్ ఊరుకున్నాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, కళ్ళు దించకుండా ఊరుకున్నాడు. నా నాలుక మీద గింజ ఉంది, కొరకలేదు. కొరికితే ఆ చప్పుడుకి అమ్మ ఉలిక్కిపడుతుందేమోనని. మందు, టీ, బస్సు వేళ, అన్నీ నోటి దాకా వచ్చాయి. ఒక్కొక్కదాన్నీ మింగాను. బయట చూరు నుంచి నీళ్ళు బొట్లుబొట్లుగా పడుతున్నాయి. పిండి ముద్ద మీద అమ్మ వేళ్ళ గుర్తులు మెల్లగా పూడుకుంటున్నాయి. అమ్మ పొయ్యి పక్కనున్న బొగ్గు బకెట్ వైపు చూసింది. నేనూ చూశాను. ఇప్పుడు లేస్తుంది, బకెట్ తీసుకుని వెళుతుంది, గంట తరవాత ఖాళీగా వస్తుంది అనుకున్నాను.

అమ్మ లేవలేదు. గ్లాసు అందుకుని, అంచు మీద అంటిన పిండిని బొటనవేలితో గీకింది. తరవాత నా వైపు తిరిగింది. వాడి వైపు కాదు, నా వైపు.

"ఆమే అంది. నువ్వు అను, నేను పోస్తాను అంది ముందు. కుదరదు, పోసే మనిషే అనాలి, మా అమ్మ నాకలాగే నేర్పింది అన్నాను. నేనొక మాట అందిస్తే ఆమె ఒక మాట అంది. పవిత్రాత్మ దగ్గర నోరు తిరక్క, మళ్ళీ మొదటినుంచీ అంది, మళ్ళీ మొదటినుంచీ పోసింది. ఆ మంచునీళ్ళకి నువ్వు కేరుమన్నావు. ఆమె ఉలిక్కిపడి, ఏమే, నీ బిడ్డకి జర్మన్ అర్థమైనట్టుందే అంది."